చిలకపచ్చ ముక్కలు

మా ఇంట్లో పాత బట్టకు విశ్రాంతి దొరకదు. నా ఖాకీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర కాస్త పలచబడిందంటే చాలు, మా ఆవిడ విమల దాన్ని చూసే చూపు మారిపోతుంది. ఇంకో ఆర్నెల్లు తొడుక్కోవచ్చు కదా అని నేనంటాను. ఇంకో ఇరవయ్యేళ్ళు కప్పుకోవచ్చు కదా అని ఆమె అంటుంది. ఈ గొడవలో నేను ఏనాడూ గెలిచిన పాపాన పోలేదు. ఒకసారి డ్యూటీకి బయలుదేరబోతే ఉన్న ఒక్క ప్యాంటూ తీగ మీద తడిగా వేలాడుతోంది. మిగతావి ఏమయ్యాయని అరిచాను. వాటిని ముక్కలు చేసి అప్పటికే రెండు రోజులైందట.

విమల బొంతలు కుట్టేది. బతుకుతెరువు కోసం కాదు. మదనపల్లె మిషన్ కాంపౌండు పక్కన ఒక చిన్న బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం ఆమెకుంది. బొంత ఆమె సరదా. ఏడాదికి ఒక్కటే కుట్టేది, ఎంతమంది అడిగినా అమ్మేది కాదు. ఈ ఏడు బొంత ఎవరికివ్వాలన్నది ఈస్టరు నాటికి మనసులో తేల్చుకునేది. తీసుకునేవాళ్ళకు తప్ప ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలిసిపోయేది.

ఇక నేను. పేరు జ్ఞానప్రకాశం, డిపోలో అందరికీ ప్రకాశం. బస్సు కండక్టరుగా చేసి, నాలుగేళ్ళ కిందట రెండు వేల నాలుగులో రిటైరయ్యాను. సర్వీసులో సగం మదనపల్లె–కుప్పం బండి మీదే గడిచింది. ఒకరోజు పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోవడం, మర్నాడు అదే దారిలో వెనక్కి రావడం. నాకు నోటి దూకుడు ఎక్కువని అందరూ అనేవాళ్ళు. కండక్టరుకు నోరు లేకపోతే బండి నడవదని నేను అనేవాణ్ణి.

ఏప్రిల్‌లో బడికి సెలవులిచ్చిన మర్నాడే విమల పని మొదలయ్యేది. సంచీ చేత పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు, పంచెలు అడిగి తెచ్చేది. టీచరమ్మ పాతబట్టలు అడుక్కుంటోందని జనం అనుకోరా అని నేను విసుక్కునేవాణ్ణి. అడిగి తెచ్చుకుంటున్నా, అడక్కుండా తెచ్చుకోవడం లేదు కదా అనేది. తెచ్చినవన్నీ పెద్ద గుండిగలో సోడా వేసి ఉడకబెట్టి, పెరట్లో బండల మీద పరిచేది. కూతురు ఫ్లారెన్స్ వాటి మీదికి కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుని, కథల పుస్తకం చదువుతూ కాకుల సంగతి మరిచిపోయేది. ఉడికిన నూలు వాసన, సోడా వాసన, కాగిన బండ వాసన కలిసి ఒకటి వచ్చేది. ఇప్పటికీ నాకు ఎండాకాలమంటే మామిడిపండు గుర్తు రాదు, ఆ వాసనే గుర్తొస్తుంది.

ఆషాఢం గాలి మొదలయ్యాక పని ఇంట్లోకి వచ్చేది. మా ఊరి గాలికి ముక్కలు వీధి చివరిదాకా పోతాయి కాబట్టి తలుపులూ కిటికీలూ మూసి కత్తిరించేది. మేం ఉక్కపోతలో కూర్చుని అన్నం తినేవాళ్ళం. ముక్కలన్నీ ఒకే కొలతలో రావడానికి ఒక అట్టను మాదిరిగా పెట్టుకునేది. ఆ అట్ట మా పెళ్ళి పత్రికది. ఇంట్లో అన్నిటికంటే గట్టి అట్ట అదేనంది. అది పొగడ్తో కాదో నేను అడగలేదు.

అడుగు పొరలు వాళ్ళ అవ్వ పద్ధతి. నాలుగు పాతచీరలు ఒకదాని మీద ఒకటి, ఎక్కడా ముడత లేకుండా. పై పొర వాళ్ళమ్మ పద్ధతి. వాళ్ళమ్మకు ఎప్పుడో ఒక దొరసాని నేర్పిందట, రంగురంగుల ముక్కలు జోడించి ఎనిమిది మొనల చుక్కను తేవడం. ఆ చుక్కకు రంగులు కావాలి. ఉడకబెట్టిన పాతచీరల్లో రంగు ఎక్కడుంటుంది? అందుకని దర్జీల దగ్గర మిగిలే కత్తిరింపు ముక్కలు తెచ్చిపెట్టే పని నా నెత్తిన పడింది. పుంగనూరు బస్టాండుకు ఎదురుగా దాసప్ప అని ఒక దర్జీ ఉండేవాడు. మెత్తని మనిషి. కొత్త ముక్కలన్నీ పాత పంచె గుడ్డలో మూటగట్టి మిషను బల్ల కింద పెట్టేవాడు. బండి పుంగనూరులో పది నిమిషాలు ఆగుతుంది. నేను దిగి, టీ తాగి, మూట తీసుకుని ఎక్కేవాణ్ణి.

సెప్టెంబరు వానల్లో మిషను మీద చుక్కలు కుట్టేది. అక్టోబరు చివర్న చలి మొదలయ్యే వేళకు నట్టింట్లో పొరలు పరిచేది. నాలుగు మూలలా రుబ్బుడు గుండు, రెండు ఇటుకలు, ఫ్లారెన్స్ డిక్షనరీ బరువు పెట్టేది. అక్కణ్ణుంచి రెండు నెలలు మా ఇంట్లో నడవడానికి దారి ఉండేది కాదు. గోడవారగా పక్కకు తిరిగి పోవాలి. నేను బొంత అంచు తొక్కితే వెనక్కి తిరిగి చూడకుండానే కాలు తియ్యమనేది. బడి నుంచి వచ్చి, వంట చేసి, కాంపోజిషన్ పుస్తకాలు దిద్ది, అప్పుడు కూర్చునేది సూదితో. ఫ్లారెన్స్ పది సూదుల్లో దారం ఎక్కించి దిండుకు వరసగా గుచ్చి పెట్టేది. రేడియో పాడుతుండేది. నేను కుప్పం నుంచి తెచ్చిన వేరుశనక్కాయలు వలిచి ఇద్దరి నోట్లోనూ వేసేవాణ్ణి, వాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి. నా జీవితంలో మంచి రోజులేవని ఎవరైనా అడిగితే ఆ సాయంత్రాలే చెబుతాను.

క్రిస్మస్ ముందు ఆదివారానికి బొంత ముగియాలి. చివరి అంచు దగ్గర ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళూ ఒక్కో కుట్టు వేయాలి. అది వాళ్ళ పుట్టింటి ఆచారం. ఏ బొంత తీసుకున్నా చివర్న ఒక వంకర కుట్టు కనిపిస్తుంది, అది నాది.

తొంభై ఆరులో మాత్రం బొంత ఎవరికన్నది ఈస్టరు దాటి జూన్‌లో తేలింది. కుప్పంలో ఉన్న విమల అక్క గ్రేసమ్మకు పెళ్ళైన పద్నాలుగేళ్ళకు కడుపు పండింది. పుట్టబోయే బిడ్డకు బొంత. విమల ఆ ఏడు కుట్టినంత మనసుపెట్టి ఎప్పుడూ కుట్టలేదు.

సెప్టెంబరు మొదటివారం. పుంగనూరులో బండి అప్పటికే అరగంట ఆలస్యం. దాసప్ప అంగట్లో లేడు, ఎక్కడికో పోయాడు. డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. బల్ల కింద రెండు మూటలున్నాయి, రెండూ పంచె గుడ్డవే. పెద్దదీ చిన్నదీ. రెండూ మనవే అనుకుని చంకన పెట్టుకుని పరిగెత్తాను. ఎవరినీ అడగలేదు. నాకు అడిగే అలవాటు ఎప్పుడూ లేదు.

మర్నాడు ఇంటికి చేరాక చిన్న మూట విప్పి విమల అలాగే ఉండిపోయింది. చిలకపచ్చ పట్టు. వంకాయ రంగు అంచు. పైచొక్కాకు కావలసినట్టు ముందు, వెనక, చేతులు కత్తిరించి ఉన్నాయి. ఇంత మంచి పట్టు దాసప్ప ఎందుకిస్తాడని అడిగింది. కొలత తప్పి కత్తిరించి ఉంటాడు, గిరాకీకి తెలియకుండా వదిలించుకున్నాడు, దర్జీలందరూ చేసే పనే అన్నాను. చాలా తెలిసినవాడిలాగా అన్నాను. ఆమె నమ్మింది. ఆ సాయంత్రమే పెళ్ళి పత్రిక అట్ట పెట్టి ముక్కలు చేసేసింది.

నాలుగు రోజుల తర్వాత బండి పుంగనూరులో ఆగగానే దాసప్ప కిటికీ దగ్గరికి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

“అన్నా, పోయిన వారం తీసకపోయిన మూట ఇంట్లో సరిగ్గా సూసినారా? కట్ చేసి పెట్టిన పచ్చ పట్టు ఒకటి కనపడకుండా ఉండాది.”

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. కానీ బండి నిండా జనం. అందరూ నా వంకే చూస్తున్నారు. నా సర్వీసులో ఒక్క సంచీ తారుమారు కాలేదని, ఒక్క గొడుగు పోలేదని రోజూ గొప్పలు చెప్పుకునే మనిషిని.

“పద్దెనిమిదేండ్లుగా నా బండిలో సూది కూడా పోలేదప్పా. నీ అంగట్లో ఎతుక్కో పో” అన్నాను.

వెనక సీట్లో ఎవరో నవ్వారు. దాసప్ప తల దించుకుని వెళ్ళిపోయాడు. నేను విజిలేశాను.

అబద్ధం ఆ రోజు చిన్నదే. ఇంటికి పోయి విమలకు చెప్పి ఉంటే ముక్కలైనా తిరిగి ఇచ్చేవాళ్ళం. ఇంటికి పోయేసరికి ఆమె ఆ చిలకపచ్చతో మొదటి చుక్క కుట్టి గోడకు ఆనించి పెట్టింది. ఇన్నేళ్ళలో ఇంత నిండుగా చుక్క ఎప్పుడూ రాలేదని, అక్క బిడ్డకు రాసిపెట్టిన బట్ట అని చెప్పింది. ఫ్లారెన్స్ చప్పట్లు కొట్టింది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

అక్టోబరులో దాసప్ప మళ్ళీ బండెక్కాడు. ఈసారి అడగడానికి కాదు, చెప్పుకోవడానికి. ఆ పట్టు రంగనాయకమ్మ అనే ఆమెదట. ఆమె భర్త మదనపల్లెలో నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేసేవాడు. చీర సగం నేసి ఉండగా జ్వరం వచ్చి వారం రోజుల్లో పోయాడు. మగ్గం మీద నిలిచిపోయిన ఆ సగం చీరను కోసి, మగ్గం యజమాని ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని తీసుకుని, ఎనిమిదేళ్ళ కూతురు కృష్ణవేణిని వెంటబెట్టుకుని పుట్టిల్లు పుంగనూరు చేరింది. పదేళ్ళు పెట్టెలో దాచింది. ఇప్పుడు ఆ పిల్లకు టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. మొదటిరోజు నాన్న నేసిన బట్ట కట్టుకుని పోతానంటే, చుడీదారు కుట్టమని తెచ్చి దాసప్ప చేతిలో పెట్టింది.

ఆ పిల్ల మామూలు ఓణీ వేసుకుని కాలేజీకి పోయిందట. నేను టికెట్ల మీద పెన్నుతో గీతలు గీస్తూ విన్నాను. నోరు తెరవాల్సింది. ఇంట్లో పొరలు పరచడం అప్పటికింకా మొదలు కాలేదు. బొంత ఆపేయొచ్చు. కానీ అప్పుడు చెబితే, నెల కిందటే ఎందుకు చెప్పలేదని అందరూ అడుగుతారు. దాసప్ప అడుగుతాడు, విమల అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. బస్సులో నలభైమందిని అదిలించే మనిషిని ఒక ప్రశ్నకు భయపడ్డాను.

ఆ తర్వాత దాసప్ప మూటలివ్వడం మానేశాడు. నేను అతని అంగడి వైపు చూడటం మానేశాను. టీ కూడా అవతలి వైపు బంకులో తాగేవాణ్ణి. ఇంట్లో ఆ రెండు నెలలూ విమల పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తూనే ఉన్నాను. చిలకపచ్చ మీదుగా సూది పోయినప్పుడల్లా చూడకూడదనుకుని చూసేవాణ్ణి. చివరి కుట్టు వేయమని సూది చేతికిస్తే నా వేలికే గుచ్చుకుంది. ప్రతి ఏడూ ఉండే బాగోతమే అని ఇద్దరూ నవ్వారు.

జనవరిలో గ్రేసమ్మకు ఆడపిల్ల పుట్టింది. బొంత కుప్పం చేరింది.

ఏప్రిల్ వచ్చింది. బడికి సెలవులిచ్చారు. దాసప్ప ముక్కలివ్వడం ఎందుకు మానేశాడో నేను చెప్పిన సాకులు విమలకు నచ్చలేదు. తనే కనుక్కుంటానని ఒకనాటి మధ్యాహ్నం పుంగనూరు బయలుదేరి వెళ్ళింది. ఆ రోజు నేను కుప్పం నుంచి తిరిగి వస్తున్నాను. సాయంత్రం పుంగనూరు బస్టాండులో బండి ఆగితే ఎక్కింది. చేతిలో ఖాళీ సంచీ. ముందు సీట్లో, కిటికీ పక్కన కూర్చుంది. ఇంట్లోవాళ్ళకు పాసు ఉంది, ఆమె ఎప్పుడూ టికెట్ కొనదు. నేను దగ్గరికి వెళ్ళగానే నోటు చాపింది.

“కండక్టరూ, మదనపల్లి ఒకటి.”

నా మొహం చూడలేదు. నేను టికెట్ కొట్టి ఇచ్చాను. మిగిలిన చిల్లర కూడా తీసుకుంది. ముప్పై కిలోమీటర్లు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, నేను ఆమె వీపు చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళ సర్వీసులో అంత పొడుగు దారి నేను ఎరగను.

ఇంటికొచ్చాక పొయ్యి వెలిగించి, బియ్యం కడుగుతూ అడిగింది.

“ఆ పట్టు సంగతి మీకెప్పుడు తెలుసు?”

సెప్టెంబరులోనే అన్నాను.

“నేను కుడతా ఉంటే పక్కనే కూసోని సూస్తా ఉంటిరే” అంది. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అరిచి బయటపడేవాణ్ణి. ఆమె బియ్యం కడగడం ఆపకుండా కడుగుతూనే ఉంది, నీళ్ళు తేటగా వచ్చాక కూడా. ఆ పట్టును ముక్కలు చేసింది తన చెయ్యే అన్నది ఆమె బాధ. నా మాట నమ్మి చేసింది. నేను ఆమె చేత ఆ పని చేయించాను.

ఫ్లారెన్స్‌ను పక్కింట్లో ఉంచి, ఆదివారం ఇద్దరం కుప్పం వెళ్ళాం. ఇచ్చిన బొంతను వెనక్కి అడగడం, అదీ పసిబిడ్డ కిందిది, మా వైపు ఎవరూ చేయని పని. దారిలో విమల ఒకే మాట చెప్పింది, గ్రేసక్కకు సంగతి చెప్పాల్సింది నేనే అని. గ్రేసమ్మ కాఫీ ఇచ్చింది. బిడ్డను చూపించింది. బిడ్డ ఆ చిలకపచ్చ చుక్క నడిమధ్యలో వెల్లకిలా పడుకుని కాళ్ళాడిస్తోంది. నేను కాఫీ తాగకుండా అక్కడే నిలబడి మొదట్నుంచీ అంతా చెప్పాను. మూట తెచ్చింది నేను, అబద్ధమాడింది నేను, విమలకేమీ తెలియదని. నా జీవితంలో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

గ్రేసమ్మ బొంత అంచు తడుముతూ వింది. మనసు కష్టపడిందని తెలుస్తూనే ఉంది. పద్నాలుగేళ్ళకు పుట్టిన బిడ్డకు చెల్లెలు కుట్టి తెచ్చిన బొంత అది. తర్వాత బిడ్డను ఎత్తి నా చేతుల్లో పెట్టింది.

“ఆ తల్లి ఉసురు నా బిడ్డకు వద్దప్పా. విప్పండి” అంది.

అక్కాచెల్లెళ్ళు వసారాలో ఎదురెదురుగా కూర్చుని ఆ పగలంతా విప్పారు. కుట్టడానికి నాలుగు నెలలు పట్టింది. విప్పడానికి సాయంత్రం దాకా పట్టింది. విమల బ్లేడు వాడనివ్వలేదు, పట్టు తెగుతుందని. సూది మొనతో ఒక్కొక్క కుట్టూ లేపి దారం లాగింది. చివర్న వంకర కుట్టు దగ్గరికొచ్చినప్పుడు మాత్రం నా వైపు చూసింది. బిడ్డ నా చొక్కా తడిపేసి నిద్రపోయింది. పట్టు ముక్కలు మొత్తం ముప్పై రెండు తేలాయి. మూడు నెలల ఉతుకులకు రంగు కాస్త వెలిసింది. రెండు ముక్కల మీద మరకలు. విమల వాటిని తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, తన పెళ్ళిచీర కొంగులో మూటగట్టింది. ఆ చీర దీనికోసమే ఇంటినుంచి తెచ్చిందని నాకప్పుడు తెలిసింది.

మర్నాడు పుంగనూరులో దిగాం. ముందు దాసప్ప అంగడికి వెళ్ళాను. ఐదారుగురు ఉన్నారు, ఉండనీ అనుకున్నాను. మూట ఎత్తుకుపోయింది నేనే, నీది తప్పు కాదు అని వాళ్ళందరికీ వినపడేలా చెప్పాను. అతను నామీద కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. మిషను చక్రం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. రంగనాయకమ్మ ఇంటికి మాతో రమ్మన్నాను.

“ఆ ఇంటికి నేను రాలేనన్నా. నాకు మొగం లేదు. మీరే పోండి” అన్నాడు.

తప్పు నాదైతే ఇతనికి మొహం లేకపోవడమేమిటని నాకు చిరాకేసింది. ఇల్లెక్కడో కనుక్కుని మేమే వెళ్ళాం.

చిన్న పెంకుటిల్లు. రంగనాయకమ్మ వాకిట్లో గోనెపట్టా మీద చింతపండు కుప్ప ముందు కూర్చుని గింజలు తీస్తోంది. కూలికి తీసే పని. బక్కమనిషి, యాభై కూడా ఉండవు, చూడటానికి ముసలిదానిలా ఉంది. లోపల కూతురు తలుపుకు వీపు పెట్టుకుని కూర్చుని చదువుకుంటోంది. మేం ఎవరమో చెప్పుకున్నాం. నేను దారి పొడుగునా మనసులో వల్లెవేసుకున్న క్షమాపణ మొదలుపెట్టాను. పట్టు విలువ తెలియక పొరపాటు జరిగిందని, ఆ మనిషి చేతిపనిని పాడుచేశామని, విమల మళ్ళీ ముక్కలన్నీ కలిపి ఏదైనా కుట్టి ఇస్తుందని, ఇంకా ఏమేమో.

ఆమె నా మాట వింటున్నట్టు లేదు. విమల చేతిలోని మూటను చూస్తోంది. చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని, మూట విప్పింది. చిలకపచ్చ కనపడగానే లోపలికి కేకేసింది.

“కృష్ణవేణీ, ఇట్రా.”

ఆ పిల్ల వచ్చి గడప దగ్గర నిలబడింది. రంగనాయకమ్మ రెండు చేతుల నిండా ముక్కలు పట్టుకుని పైకి చూపింది.

“నేను అమ్ముకోలేదమ్మా. సూడు. నేను అమ్మలేదు.”

నాకు అర్థం కాలేదు. విమలకు ముందు అర్థమైంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రంగనాయకమ్మ మా వైపు తిరగకుండా, కూతురి వైపే చూస్తూ చెప్పింది. పట్టు కనపడకపోయేసరికి దాసప్ప భయపడ్డాడు. పిల్ల వెళ్ళి అడిగితే, మీ అమ్మ నాకసలు తెచ్చి ఇవ్వనే లేదని చెప్పేశాడు. ఆ నెలలోనే ట్రైనింగు ఫీజు కట్టారు. ఆ డబ్బు రంగనాయకమ్మ తమ్ముడి దగ్గర తెచ్చింది. పిల్ల మాత్రం నాన్న నేసిన పట్టును అమ్మి కట్టిందనుకుంది. ఒట్టు పెట్టినా నమ్మలేదు. ఆ రోజునుంచి తల్లితో మాట్లాడటం మానేసింది. తన అన్నం తను పెట్టుకుని తినడం, తన పుస్తకం తను చదువుకోవడం. ఒకే గదిలో ఇద్దరూ ఏడు నెలలు.

నేను పట్టు గురించి బాధపడుతూ వచ్చాను. ఏడు నెలలుగా నేను భయపడింది, సిగ్గుపడింది, క్షమాపణ కట్టుకొచ్చింది అంతా ఒక గుడ్డ గురించి. బండిలో నలుగురి ముందు పరువు పోతుందని నేనన్న ఒక్క మాట దాసప్ప నోట ఇంకో అబద్ధమై, ఈ ఇంట్లోకి వచ్చి తల్లికీ కూతురికీ మధ్య కూర్చుంది. దానికి ఏ క్షమాపణా నా దగ్గర లేదు. అంత నోరున్నవాణ్ణి.

కృష్ణవేణి మెల్లగా వచ్చి గోనెపట్టా మీద కూర్చుంది. ముక్కలను ముట్టుకోలేదు. వాటివైపు చూడను కూడా చూడలేదు. తల్లి చేతులు పట్టుకుని చూసింది. చింతపండు పులుపుకు వేళ్ళ సందుల్లో చర్మం ఒరుసుకుపోయి ఉంది. అవి ఎప్పటినుంచి అలా ఉన్నాయో ఆ పిల్లకు తెలిసినట్టు లేదు.

“అమ్మా, అన్నం తింటివా?” అని అడిగింది.

రంగనాయకమ్మ తల అడ్డంగా ఊపింది.

“నువ్వు పెట్టు, తింటా” అంది.

పిల్ల లేచి లోపలికి వెళ్ళింది. పళ్ళెం తీస్తున్న చప్పుడు వినిపించింది. విమల నా చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరం చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా వీధిలోకి వచ్చేశాం.